నాలుగు సింహాల్లో ఆయనది ఏది

నంద్యాల అనే పేరు నేను పలికినన్నిసార్లు నంద్యాలలో పుట్టినవాళ్లు కూడా పలికి ఉండరు. విజయనగరం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చునే రోజుల్లో "హలో నంద్యాలా, ఆళ్లగడ్డ ఇవ్వండి" అని గొంతు పోయేదాకా అరిచేదాన్ని. ప్రతి ఆదివారం రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక కుర్రాడు ఆళ్లగడ్డకు ట్రంక్ కాల్ బుక్ చేసేవాడు. అవతలిది ఇంటి ఫోను కాదు, ఒక సోడా కొట్టు ఫోను. ఆ కొట్టాయన వెళ్లి దస్తగిరి అనే మనిషిని పిలుచుకురావాలి. ఉన్న కాస్త సమయంలో సగం ఆ పిలుపులకే పోయేది. మిగిలిన సగంలో కుర్రాడు "యాడుండావ్‌రా, ఏం చేస్తాండావ్" అని అడిగేవాడు. ఆ "యాడ"కి మా ఎక్స్ఛేంజి ఆడపిల్లలమంతా పడి పడి నవ్వేవాళ్లం. అందరికంటే ఎక్కువ నవ్విన నేనే చివరికి ఆయన్ని పెళ్లి చేసుకున్నాను.

మా వారి పేరు బ్రహ్మయ్య. రైల్వేలో గూడ్సు గుమస్తాగా చేరకముందు ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కేవారు. స్వతంత్రం వచ్చి పాతికేళ్లయిందని ఊరూరా స్తూపాలు నిలబెట్టిన కాలంలో నంద్యాల నాలుగు రోడ్ల కూడలిలోనూ ఒకటి నిలబెట్టారు. దాని మీద కూర్చునే నాలుగు సింహాలనూ ఆళ్లగడ్డలోనే చెక్కారు. చెక్కిన నలుగురిలో ఈయన ఒకరు. "నా సింహం నంద్యాల సెంటర్లో ఉండాది, ఒకసారి చూపిస్తాలే" అనేవారు. నేను కాస్త గొంతు పెంచితే చాలు, "నీకన్నా నా సింహం నయం, నోరు తెరిచినా అరవదు" అనేవారు. ఆయన గడ్డం కింద అడ్డంగా ఒక మచ్చ ఉండేది. గడ్డం గీసుకుంటూ ఆ చోట కత్తిని మెల్లగా తిప్పి, "ఇది నా సింహం పెట్టిన గుర్తు" అని అద్దంలో నవ్వేవారు. చెక్కేటప్పుడు రాయి చిట్లి తగిలి ఉంటుందని నేను అనుకున్నాను.

ఇన్నేళ్ల కాపురంలో ఆ చూపించడం మాత్రం జరగలేదు. ఆయనకు సెలవు దొరికితే నాకు డ్యూటీ, నాకు దొరికితే ఆయనకు డ్యూటీ. ఇద్దరం రిటైరయ్యాక మోకాళ్లు. నిరుడు వానల్లో ఆయన పోయారు. చంపావతి నదిలో బూడిద కలిపి ఇంటికొచ్చి చూస్తే, రాళ్లు చెక్కిన మనిషి ఇంట్లో ఆయన చేత్తో చేసిన వస్తువు ఒక్కటీ లేదు. ఉలి, సుత్తి ఆళ్లగడ్డలోనే వదిలేసి వచ్చారు. మా సన్నికల్లు కూడా సంతలో కొన్నదే. మాకు పిల్లలు లేరు.

మా పక్కింటావిడ నన్ను ఓదారుస్తూ, "ఇంక నీకేటి సుగుణా, ఎక్కడికి కావాలంటే అక్కడికి ఎల్లొచ్చు, స్వతంత్రమే కదా" అంది. పాపం మంచికే అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎక్కడికి వెళ్తున్నావు, ఎప్పుడొస్తావు అని అడిగే మనిషే లేనంత స్వతంత్రం వచ్చింది నాకు. సరే, వచ్చిన స్వతంత్రంతో ఆ స్తూపమే చూసొద్దామని బయల్దేరాను. నాలుగు సింహాల్లో ఆయనది ఏదో తెలుసుకోవాలి, దాని ఎదురుగా కాసేపు కూర్చోవాలి. అంతకు మించి నాకు అక్కడ పని లేదు.

ఒక్కరేనా?

గిద్దలూరు దాటాక రైలు నల్లమలలోకి దూరుతుంది. పొద్దున్నే లేత ఎండలో కొండలు, వాటి మధ్య వానలకు నిండిన వాగులు, ఎక్కడా మనిషి జాడ లేని అడవి. ఇంతలో సొరంగం వచ్చింది. అరకు దారిలో సొరంగాలు వచ్చినప్పుడు ఆయన నా మణికట్టు పట్టుకునేవారు. భయం నాకు కాదు, ఆయనకే. ఆ అలవాటు చొప్పున చీకట్లో నా చేయి పక్క సీటు మీదికి పోయింది. తగిలింది ఎవరిదో టిఫిన్ క్యారియర్. వెలుతురు రాగానే దాని సొంతదారు నన్ను అనుమానంగా చూసి, క్యారియర్‌ని ఒళ్లోకి తీసుకున్నాడు.

నంద్యాల స్టేషన్ నుంచి ఆటో నన్ను ఏవేవో సందుల్లోంచి తిప్పి బస్టాండు దగ్గరి లాడ్జి ముందు దించింది. వంద అడిగితే ఎనభై ఇచ్చాను. మా ఊళ్లో అయితే ఇంకో పది నిమిషాలు వాదించేదాన్ని, ఇక్కడ వాదనకు తోడు లేదు.

లాడ్జి మేనేజరు కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే."

"ఏ పని మీద వచ్చినారు మా?"

"సెంటర్లో స్తూపం ఉందట కదా, చూద్దామని."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "మహానందికి పోయేటోళ్లు వస్తారు. అహోబిలం పోయేటోళ్లు వస్తారు. స్తూపం చూసేదానికి ఎవురొస్తారు మా?" అని గొంతు తగ్గించాడు. "తప్పనుకోవద్దండి. ఒంటిగా వచ్చిన పెద్దోళ్లకు రూమియ్యాలంటే మాకు భయం. ఏమన్నా జరిగితే మా మీదికొస్తాది. మీ ఇంట్లోవాళ్ల నంబరు ఒకటి చెప్పండి, మాట్లాడి తాళం ఇస్తా."

ఊరందరికీ లైన్లు కలిపిన దాన్ని. ఆ నిమిషంలో చెప్పుకోవడానికి నాకు ఒక్క నంబరు లేదు. పక్కింటావిడకు చెప్పకుండా వచ్చాను. నోటికి వచ్చిన నంబరే చెప్పాను. మేనేజరు ఫోను చేశాడు. నా చేతిసంచీలో మోగింది.

ఇద్దరం ఆ మోతను కాసేపు విన్నాం. "మా ఆయన ఫోను. ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను" అన్నాను.

ఆయన ఫోను పెట్టేసి, ఇంకేమీ అడగకుండా కింది గది తాళం ఇచ్చాడు. మెట్లెక్కే బాధ ఉండదన్నాడు. తన కంటికెదురుగా ఉండాలనే ఆ గది ఇచ్చాడని నాకు తెలుసు. అయినా కోపం రాలేదు. నేను గదిలోంచి బయటికి వచ్చానా లేదా అని చూసే మనిషి ఏడాదిగా లేడు.

పక్క హోటల్లో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయ తాలింపులో వేసి పుట్నాల పొడి చల్లుతారు. బొరుగులంటే మరమరాలు, మా విజయనగరంలో మురీలు. ఆదివారాలు ఆయన మా ఇంట్లో ఇదే చేసేవారు. మీ మురీలు నీళ్లు తగిలితే ముద్దయిపోతాయి, వీటికి పౌరుషం లేదు అని వంటింట్లోంచి తిట్టేవారు. అదంతా ఊరి మీద మమకారం అనుకునేదాన్ని. తిన్నాక తెలిసింది, మురీల సంగతి నిజమే. ఒప్పుకుందామంటే ఎదుటి కుర్చీ ఖాళీ.

స్తూపం

నేను ఊహించుకున్నంత పెద్దది కాదు. నాలుగు రోడ్లు కలిసే చోట ఎత్తైన అరుగు, చుట్టూ ఇనప కడ్డీలు, మధ్యలో నలుపలకల రాతి స్తంభం. పైన నాలుగు సింహాలు వీపులు ఆనించుకుని, ఒక్కోటి ఒక్కో రోడ్డు వైపు నోరు తెరిచి ఉన్నాయి. స్తంభం మీద స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్లిన ఈ ప్రాంతం వాళ్ల పేర్లు చెక్కారు. సగం పేర్ల మీద ఇంగ్లీషు ట్యూషన్ల కాగితాలు, బోరు మోటారు రిపేరు కాగితాలు అంటించారు. ఒక పేరు మీది కాగితం గోటితో గీకబోయాను గానీ అది నాకంటే మొండిది.

ఒకటి బస్టాండు రోడ్డు వైపు చూస్తోంది. ఒకటి పాత బజారు వైపు. ఒకటి ఆళ్లగడ్డ రోడ్డు వైపు. నాలుగోది స్టేషన్ రోడ్డు వైపు, కానీ అది నాకు కనపడలేదు. ఆ రోడ్డు మొదట్లో, అరుగు కడ్డీలకు ఆనించి వెదురు బొంగులు కట్టి ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ నిలబెట్టారు. దాని ముందు నిలబడి మెడ ఎంత ఎత్తినా నాకు నాయకుడి బుగ్గలే తప్ప సింహం తోక కూడా దొరకలేదు.

మూడింటికీ ఫోనులో ఫొటోలు తీశాను. తీసి, పెద్దవి చేసుకుని, మళ్లీ పైకి చూసి, మళ్లీ ఫొటో చూసి, బస్టాండు వైపు సింహమే ఆయనదని తేల్చేశాను. దాని ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేచినట్టుంది. పేపర్లో నమ్మలేని వార్త చదివినప్పుడు ఆయన కనుబొమ్మ అట్లాగే లేచేది. ఇంకేం సాక్ష్యం కావాలి? రోడ్డు మధ్యలో నిలబడి దాన్ని చూస్తూ ఉండిపోయాను.

"మా! సావాలనుకుంటాండారా ఏంది, పక్కకు రండి!" అని ట్రాఫిక్ కానిస్టేబులు ఈల వేశాడు. లాడ్జి మేనేజరూ ఈయనా కూడబలుక్కున్నారేమో అనిపించింది.

మేరమ్మ బండి

అరుగు పక్కన సీతాఫలాల బండి పెట్టుకున్న మేరమ్మ నన్ను చూసి ముందు గొడవకు వచ్చింది. నడివయసు మనిషి, మెడలో చిన్న సిలువ. నేను ఫొటోలు తీయడం చూసి మున్సిపాలిటీ నుంచి బండ్లు తీయించడానికి వచ్చాననుకుంది.

"ఫొటోలు ఎన్ని తీసుకుంటావో తీసుకో మా. బండి మాత్రం జరపను. పదైదేండ్ల నుంచి ఈడనే ఉండా."

"నేను మున్సిపాలిటీ కాదమ్మా. విజయనగరం నుంచి వచ్చాను. పైనున్న సింహం మా ఆయన చెక్కింది" అన్నాను.

మేరమ్మ పైకి చూసింది. పదిహేనేళ్లలో అదే మొదటిసారి చూడటం అనుకుంటా. "ఆ సింహాలా? చెక్కినారా వాటిని? నేను పోత పోసినారు అనుకుంటి" అని, బండి కింది నుంచి స్టూలు లాగి కొంగుతో తుడిచింది. "కూసో మా. మీ ఆయన రాలేదా?"

"పోయారు."

"అయ్యో." కాసేపు కాయలు సర్దింది. "మా ఇంటాయన కూడా పోయినాడులే. తాగి." మళ్లీ సర్దింది. "ఏది మీ ఆయన చేసింది?"

నేను బస్టాండు వైపు చూపించాను. చెప్పడానికి ఒకరు దొరికారన్న సంతోషంలో కనుబొమ్మ సంగతి కూడా చెప్పాను. ఆమె తల అటూ ఇటూ వంచి చూసి, "అది పావురాయి రెట్ట మా" అంది.

ఇద్దరం నవ్వాం. నేను కాస్త ఎక్కువసేపు నవ్వాను, ఎందుకంటే ఆగితే ఏడుపొచ్చేటట్టుంది.

పంద్రాగస్టు ముందురోజు ఫైరింజను వచ్చి స్తూపాన్ని కడుగుతుందట, చుట్టూ ముగ్గులు వేసి జెండా ఎగరేసి మిఠాయి పంచుతారట. తరవాత మళ్లీ పంద్రాగస్టు దాకా దాన్ని పట్టించుకునేది పావురాలు, మేరమ్మ. ఎండకు ఆమె బండి మీద కట్టే పట్టా తాడు ఒక కొస ఆ ఇనప కడ్డీకే. మా వైపు సీతాఫలాలు గంపల్లో పెట్టి కాయల లెక్కన అమ్ముతారు, ఇక్కడ తూకం. మేరమ్మ అరకిలో తూచి, మీద రెండు కాయలు వేసింది. ఒక్కదాన్ని అన్ని ఏం తింటానంటే, "తింటావు లే. పొద్దు పోవల్ల గదా" అంది. ఆ మాట మాత్రం నిజం.

ఆళ్లగడ్డ

మర్నాడు ఆళ్లగడ్డ బస్సెక్కాను. మా వారితో కలిసి సింహాలు చెక్కిన దస్తగిరిని వెతకాలి. పావురం రెట్ట పోగా మిగిలిన సాక్ష్యం ఆయనొక్కడే. సోడా కొట్టు ఫోను ఎప్పుడో తీసేశాక ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. మనిషి ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు. గంటకు పైగా ప్రయాణం. రెండు పక్కలా వరి, మొక్కజొన్న, దూరంగా నల్లమల. నా పక్క సీట్లో ఒకావిడ కూర్చోబోయి, వెనక చుట్టాలు కనపడితే లేచి వెళ్లిపోయింది.

ఆళ్లగడ్డలో దిగీ దిగగానే రాతి దుమ్ము వాసన. రోడ్డు పక్కన షెడ్లలో సగం లేచిన దేవుళ్లు. తల వరకే ఉన్న అమ్మవారు, కాళ్లు ఇంకా రాయిలోనే ఉన్న హనుమంతుడు, పక్కనే కోటు వేసుకున్న ఎవరో నాయకుడు. ఉలి చప్పుడు వినపడుతుందని ఆశపడ్డాను. ఇప్పుడంతా కరెంటు మిషన్ల రొద. మూతికి గుడ్డలు కట్టుకుని, తెల్లటి దుమ్ములో మునిగి పనిచేస్తున్నారు.

ఒక షెడ్డు యజమానిని అడిగాను, దస్తగిరి ఇల్లెక్కడ అని.

"ఏ దస్తగిరి? లారీ దస్తగిరా, చికెన్ దస్తగిరా, మేస్త్రీ దస్తగిరా?"

"రాళ్లు చెక్కే దస్తగిరి. ముసలాయన అయ్యుంటాడు."

"దగ్గు దస్తగిరి అను మరి! ఆ మసీదు సందులో పో, దగ్గు ఇనపడిన తావున ఆగు."

ఎగతాళి అనుకున్నాను. మసీదు సందులోకి తిరిగితే నిజంగానే దగ్గు వినపడింది. మనిషి ఉన్నాడు.

దస్తగిరి వసారా

వసారాలో నులక మంచం మీద సన్నగా, పొడుగ్గా ఒక ముసలాయన. నేను పేరు చెప్పుకున్నాను, విజయనగరం బ్రహ్మయ్య భార్యనని. ఆయన లేచి నిలబడ్డాడు. నన్ను కాదు, నా వెనక గుమ్మం వైపు చూశాడు.

"బ్రమ్మయ్య యాడ? బస్టాండులో నిలబెట్టి వచ్చినావా? రమ్మను వాన్ని, తంతా నా కొడుకును! ఇన్నేండ్లకు గుర్తొచ్చినామా?"

చెప్పాల్సింది నేనే. చెప్పాను.

దస్తగిరి కూర్చున్నాడు. దగ్గు వచ్చింది. లోపలి నుంచి ఆయన భార్య హుసేన్‌బీ నీళ్ల చెంబుతో వచ్చి ఇద్దరి మొహాలూ చూసి అక్కడే ఆగిపోయింది.

"నాకెవురూ చెప్పలే" అన్నాడు దగ్గు తగ్గాక.

"మీ నంబరు నా దగ్గర లేదన్నా."

"నువ్వు ఫోన్లాఫీసు దానివి గదమ్మా!"

తల వంచుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకుని, తన ఫోను తీసి నా చేతికిచ్చి, నంబరు ఎక్కించమన్నాడు. బ్రహ్మయ్య నంబరే ఎక్కించమన్నాడు, కొత్తది వద్దట. ఎక్కించాను.

హుసేన్‌బీ జొన్నరొట్టెలు చేసింది, వంకాయ కూర, చెనిక్కాయల పొడి, అదే మా వేరుశెనగ పొడి. మా ఊళ్లో అతిథికి రెండోసారి వడ్డించబోయేముందు కావాలా అని అడుగుతాం. ఇక్కడ అడగరు, నేను చెయ్యి అడ్డం పెట్టినా రొట్టె వచ్చి పడుతూనే ఉంది. తింటూనే అసలు సంగతి అడిగాను. ఫోను తీసి మూడు ఫొటోలూ చూపించి, వీటిలో ఆయన చెక్కింది ఏది అని.

దస్తగిరి ఫోనును దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "ఇది ఆళ్లగడ్డ దోవది. ఎనక మందులంగడి ఉండాది. ఇది బజారుది. ఇది బస్టాండుది."

"అది కాదన్నా. ఆయనది ఏది?"

"ఎవురిదీ కాదు మా."

నాకు అర్థం కాలేదు. ఆయన రొట్టె పక్కన పెట్టి వివరించాడు. వాళ్ల మేస్త్రీది ఒక పద్ధతి. చెక్కేవాడి మొహం బొమ్మలోకి వస్తుందని ఆయన నమ్మకం. నలుగురికీ తలా ఒక సింహం ఇస్తే ఒకటి నవ్వుతుంది, ఒకటి ఏడుస్తుంది, ఒకటి దస్తగిరి మాదిరి పళ్లికిలిస్తుంది. సర్కారు స్తూపం మీద అట్లా కుదరదు. అందుకని రాయి చుట్టూ నలుగురినీ నాలుగు వైపులా కూర్చోబెట్టి, మధ్యాన్నం సద్ది తిన్నాక ఒక్కో పక్కకు జరిపేవాడు. పొద్దున నువ్వు మొదలుపెట్టిన చెవిని మధ్యాన్నం ఇంకొకడు ముగిస్తాడు. రేపు నువ్వు ఇంకొకడి ముక్కు దగ్గర ఉంటావు. పని అయ్యేదాకా తిరుగుతూనే ఉండాలి.

"నాలుగూ నలుగురివీ. ఏది ఎవురిదో మాకే తెల్దు."

"మరి నా సింహం, నా సింహం అనేవారే!"

"అందరం అంటాం!" దస్తగిరి నవ్వబోయి దగ్గాడు. హుసేన్‌బీ అందుకుంది. "ఈయనా అంటాడు అక్కా. ఆళ్లగడ్డ దోవ సింహం నాదే అంటాడు. మిగతా ఇద్దరూ అదే నాది, అదే నాది అని సచ్చేదాకా కొట్లాడినారు."

నంద్యాల నుంచి బస్సులో ఇంటికొస్తుంటే వెనక అద్దంలోంచి కనపడేది ఆళ్లగడ్డ రోడ్డు వైపు సింహమే. నలుగురూ వెనక సీట్లోనే కూర్చునేవాళ్లట. అది కనుమరుగయ్యేదాకా కొట్లాటేనట.

"ఆయన కూడానా?"

"మొదట్లో వాడూ కొట్లాడె. రైల్వే పని వచ్చినాక మానుకునె. నాలుగోదాని ఫొటో యాడ?"

"స్టేషన్ రోడ్డు వైపుదా? ఫ్లెక్సీ అడ్డం ఉందన్నా."

"ఉంటే ఉండనీ లే. దాన్నెవురు అడుగుతారు."

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. దస్తగిరి మీద కాదు, చచ్చిపోయిన మేస్త్రీ మీద. అంత దూరం నుంచి ఒక్క ముఖం కోసం వచ్చాను. నాలుగింటిలోనూ ఉన్నాడంటే నాకెందుకో ఎందులోనూ లేడన్నట్టే అనిపించింది. చెవి చివర ఎక్కడో, ముక్కు పక్కన ఎక్కడో ఉన్న మనిషి ఎదురుగా ఎట్లా కూర్చోవడం? ఎట్లా వచ్చానో అట్లాగే ఇంటికి పోవాలి, అంతే.

లేచి చేయి కడుక్కుంటూ, పోనీ అదైనా ఒకటి మిగులుతుందని అడిగాను. "గడ్డం కింద మచ్చ ఉండేది కదన్నా. సింహం చెక్కేటప్పుడు రాయి తగిలిందేనా?"

"ఏం రాయి?" అన్నాడు దస్తగిరి. "అది రాయి తగిలింది కాదు మా. రైల్వే పనికి పోయిన పొద్దు పడినాడు. ఇనప పెట్టె నా నెత్తిన పెట్టి, వాడు చేతులూపుకుంటా నడిచె నంద్యాల స్టేషన్‌కు. ముందర చూసి నడవరా అంటే ఇనడే. మెడ ఎనక్కి తిప్పుకుని నడుస్తానే ఉండె. కాలవ బండ తట్టుకుని బొక్కబోర్లా పడె. గడ్డం పగిలి నెత్తురు. నా టవాలు కట్టుకునే రైలెక్కినాడు."

"ఎందుకు వెనక్కి చూశారు?"

"ఎవురికి తెల్సు? ఊరొదిలి పోతాండె గదా."

బస్సు వేళ కావడంతో హుసేన్‌బీ మూడు రొట్టెలు మూట కట్టింది. దస్తగిరి మసీదు సందు చివరిదాకా వచ్చాడు, దగ్గుకుంటూ. చేరినాక ఫోన్ చెయ్ అనలేదు. "నేనే చేస్తా" అన్నాడు. ఎవరైనా అంటారు అలా, అనుకున్నాను.

స్టేషన్ రోడ్డు

రైలు సాయంత్రం. లాడ్జిలో సంచీ తీసుకుంటుంటే మేనేజరు తాళం అందుకుని, "చూసినారా మా స్తూపం?" అన్నాడు. చూశానన్నాను. "బాగుందా?" అన్నాడు. అరవై ఏళ్లు దాటినదాన్ని, బడిపిల్లలా తల ఊపాను.

ఆటో ఎక్కాలనిపించలేదు. సెంటర్ దాకా నడిచి, మేరమ్మకు వెళ్తున్నానని చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లాలి కదా. ఆమె మళ్లీ రెండు కాయలు సంచీలో వేసి, "ఏది మీ ఆయనదో తెల్సిందా?" అంది. లేదన్నాను. "అన్నీ ఆయనవే అనుకో పో" అంది. మేరమ్మ కూడా మేస్త్రీ పక్షమే.

ఫ్లెక్సీ పక్కనుంచి స్టేషన్ రోడ్డులోకి తిరిగాను. నాలుగు అడుగులేసి వెనక్కి చూశాను, ఊరికే. నాయకుడి మొహం తప్ప ఏమీ లేదు. ఇంకొంచెం నడిచి మళ్లీ చూశాను. ఫ్లెక్సీ పైన రాతి చెవులు రెండు కనపడ్డాయి. ఇంకా నడిచాను. దూరం పోయేకొద్దీ ఫ్లెక్సీ కిందికి దిగిపోయి, దాని మీదుగా సింహం తల మొత్తం పైకి వచ్చింది. సాయంత్రపు ఎండలో, నోరు తెరుచుకుని, సూటిగా నా వైపు.

అప్పుడు తట్టింది. నేనెంత మొద్దునో అనిపించింది. ఈ రోడ్డు మీద వెనక్కి తిరిగి చూసిన మనిషికి కనపడేది ఈ ఒక్కటే. ఆళ్లగడ్డది కాదు, బజారుది కాదు. మిగతావాళ్లు బస్సెక్కి ఇంటికి పోయే దారిలో కనపడే సింహం కోసం కొట్లాడుకున్నారు. ఆయన ఊరొదిలి వస్తుంటే వెనక నిలబడి చూసింది ఇది. దీన్ని చూస్తూనే పడ్డారు. "ఇది నా సింహం పెట్టిన గుర్తు" అని అద్దంలో నవ్వింది దీని గురించే. ఎవరూ అడగని ఈ సింహాన్ని ఆయన పెట్టెతో పాటు మా ఇంటికి తెచ్చుకున్నారు. ఇన్నేళ్లూ నేను గొంతు పెంచినప్పుడల్లా దీనితోనే నన్ను పోల్చారు.

రోడ్డు పక్కన మూసి ఉన్న కొట్టు మెట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా కూర్చోవాలనుకున్నాను, కూర్చున్నాను. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. నన్ను ఎరిగినవాళ్లు ఆ ఊళ్లో ఎవరున్నారు? పావురాలు వచ్చి దాని తల మీద వాలి పోతున్నాయి. అది నోరు తెరిచే ఉంది, అరవలేదు.

రైలు వేళయిందని లేచి నడక మొదలుపెట్టాను గానీ, మెడ మాత్రం వెనక్కే తిరుగుతోంది. అప్పుడు సంచీలో ఫోను మోగింది. నాది కాదు, ఆయనది. ఏడాదిగా లాడ్జి మేనేజరు తప్ప ఎవరూ చేయని ఫోను.

"యాడుండావ్ మా?" దస్తగిరి గొంతు.

ఎక్స్ఛేంజిలో విన్న మాటే. ఈసారి నాకు నవ్వు రాలేదు. "స్టేషన్ రోడ్డులో నడుస్తున్నానన్నా. ఆయన సింహం దొరికింది."

"ఏదీ? ఆళ్లగడ్డ దోవదే గదా? నేను చెప్తే ఇంటివా?"

"కాదు. అది మీరే ఉంచుకోండి. స్టేషన్ రోడ్డుది ఆయనది. ఆ రోజు వెనక్కి తిరిగి చూసింది దాన్నే."

అవతల దగ్గు లేదు, మాట లేదు. లైను తెగిందేమో అనుకుని అలవాటుగా "హలో ఆళ్లగడ్డా" అన్నాను.

"ఉండా మా" అన్నాడు. గొంతు సరిచేసుకుని మెల్లగా అడిగాడు. "ఇప్పుడు నువ్వు కూడా ఎనక్కి చూసుకుంటానే నడుస్తాండావా?"

"అవునన్నా."

"ముందర చూసి నడువు తల్లీ. వాడు పడింది ఆడనే."